ఆఖరి బెంచీ మర్యాద

మా ఊరికి సినిమావాళ్లు వస్తున్నారని తెలిసిన రోజు నేనెంత సంబరపడ్డానో తలుచుకుంటే, ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. బడి మీద సినిమా. అందులో ఒక మాస్టారు. ఆ వేషం కట్టే నటుడు నిజం మాస్టారిని దగ్గరుండి చూసి నేర్చుకుంటాడట. మా కిర్గీజు ఊరు కారా-బులుంగ్‌లో నిజం మాస్టారంటే ఎవరు? ఇంకెవరు, నేనే. నన్ను తీసేస్తే మిగిలేది వ్యాయామం చెప్పే మనిషి. అతనికి ఈల ఊదడం తప్ప వేరే విద్య లేదు.

నా పేరు సపర్‌బెక్. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు పెద్దగా లేరు. మాస్టారిని మా దగ్గర అగాయ్ అంటారు. ఊరంతటికీ నేను అగాయ్‌నే. లెక్కలూ, భౌతికశాస్త్రమూ చెప్పి చెప్పి జుట్టు నెరిసింది, సుద్దపొడి వల్ల కొంత, పిల్లల వల్ల కొంత. వచ్చే ఏడాది రిటైరవుతాను. ఈలోగా ఒకే ఒక్క కోరిక ఉండిపోయింది. జిల్లా విద్యాశాఖవాళ్లు ఏటా ఉత్తమ ఉపాధ్యాయుడని ఒక బ్యాడ్జి ఇస్తారు. పక్క ఊరి సంగీతం టీచరుకి ఇచ్చారు. ఆవిడ అకార్డియన్‌కి సగం మెట్లు పలకవు. గ్రంథాలయం చూసుకునే ఆవిడకి ఇచ్చారు. ఆవిడ పుస్తకాలు పాడవుతాయని ఎవరికీ ఇవ్వదు. నాకు మాత్రం ఇవ్వలేదు. ఆ బ్యాడ్జి కోటుకి లేకుండా రిటైరైతే, ఈ చుట్టుపక్కల జరిగే ప్రతి విందులోనూ నన్ను ఆ సంగీతం టీచరు కంటే కింద కూర్చోబెడతారు. సినిమా బయటికొస్తే ఇవ్వక ఏం చేస్తారు, చస్తారా అనుకున్నాను.

"మిమ్మల్ని చూసి నేర్చుకుంటాడా? పాపం, ఎవరి కొడుకో," అంది మా ఆవిడ బూరుల్, రొట్టె పిండి పిసుకుతూ.

"నీకు కళలంటే ఏం తెలుసే?"

"నాకు మీరు తెలుసుగా."

సినిమా తీసేది ఒక ఆడపిల్ల. చొల్పొన్ అని, జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుని, మోకాళ్ల దాకా బురద బూట్లతో దిగింది. మనిషి చదువేమిటో తెలుసుకోకుండా నేను టీ కూడా పొయ్యను. అడిగాను.

"ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చదివావు తల్లీ?"

"మాస్కోలో చేరాను అగాయ్. రెండో ఏడు తీసేశారు."

"తీసేశారా! ఎందుకమ్మా?"

"క్లాసులు ఎగ్గొట్టి సినిమాలు చూస్తున్నానని."

సినిమా నేర్పే బడిలో సినిమాలు చూసిందని తీసేశారట. నాకు ఆ ఇన్‌స్టిట్యూట్ మీద ఎనలేని గౌరవం కలిగింది. క్రమశిక్షణ అంటే అదీ.

ఆమె వెంట వచ్చిన నటుడు మర్లెన్ మాత్రం బుద్ధిమంతుడు. అయిదేళ్లు పూర్తిగా చదివి పట్టా పుచ్చుకున్నవాడు. "అయిదేళ్లలో ఏం నేర్పారు బాబూ?" అన్నాను.

"ఏడవడం, నవ్వడం, కత్తి తిప్పడం అగాయ్."

"కత్తి ఎవరి మీద తిప్పుతావు?"

"తెలీదు అగాయ్. ఇంతవరకూ ఎవరూ తిప్పమన్లేదు."

ఇలాంటివాణ్ణి నా క్లాసులో ఎక్కడ కూర్చోబెట్టాలి? ఇక్కడే నేను పప్పులో కాలేశాను. మా కిర్గీజుల్లో అతిథిని తలుపుకి ఎంత దూరంగా కూర్చోబెడితే అంత మర్యాద. ఆ చోటుని తోర్ అంటాం. తలుపు పక్కన ఉండాల్సినవాళ్లు కుర్రకుంకలూ, కొత్త కోడళ్లూ. మా తరగతి గదికి తలుపు నల్లబల్ల పక్కనే ఉంది. అంటే ఆఖరి బెంచీని మించిన తోర్ లేదు. అతణ్ణి మొదటి బెంచీలో, తలుపు పక్కన, చలిగాలికి ఎదురుగా కూర్చోబెడితే మా తాతలు సమాధుల్లోంచి లేచొచ్చి తన్నరూ? ఇంటినుంచి బూరుల్ కుట్టిన మెత్తటి పరుపు తెప్పించి, ఆఖరి బెంచీ మీద నా చేతులతో పరిచి, "ఇక్కడ దయచెయ్యి బాబూ," అన్నాను. మర్లెన్ మొహమాటపడ్డాడు కూడా. నేనే బలవంతం చేశాను.

ఆ బెంచీలో అప్పటికే ఒక పిల్ల ఉంది. గొర్రెల కాపరి ఎసెన్ కూతురు, నజీరా. తొమ్మిదో తరగతి. అయిదో తరగతిలో పొడుగ్గా ఉందని అక్కడ కూర్చోబెట్టాను. తర్వాత మిగతావాళ్లు కూడా పొడుగయ్యారు గానీ ఆ పిల్లని మార్చాల్సిన పని పడలేదు. గొడవ చెయ్యదు, ప్రశ్న వెయ్యదు, ఉలుకూ పలుకూ లేదు. బెల్లం కొట్టిన రాయి. ప్రతి పరీక్షకీ అయిదుకి మూడు వేసేవాణ్ణి. "కొంచెం జరుగు, పెద్దాయన కూర్చుంటాడు," అన్నాను. జరిగింది.

వారం రోజులు మర్లెన్ ఆ పరుపు మీద కూర్చున్నాడు. ఆ వారం చెప్పినంత బాగా నేను ముప్పై ఏళ్లలో పాఠాలు చెప్పలేదు. పొట్ట లోపలికి పీల్చుకుని మరీ చెప్పాను. నాకొక ఊతపదం ఉంది. సూత్రం రాసి, చేతులు దులుపుకుని, "అర్థమైందా? అయింది. ముందుకెళ్దాం," అంటాను. పిల్లలు జవాబు చెప్పేదాకా ఆగితే సిలబస్ ఎప్పటికి పూర్తయ్యేను? అందుకని జవాబు కూడా నేనే చెప్పేస్తాను. మర్లెన్ ఒక్క ముక్క రాసుకోలేదు. నన్ను కాసేపు చూస్తాడు, కిటికీ కాసేపు చూస్తాడు, పక్కనున్న పిల్లని కాసేపు చూస్తాడు. కళాకారులు అలాగే ఉంటారు కాబోలు అనుకున్నాను.

వారం చివర, సినిమాలో చదువుకునే పిల్ల వేషానికి ఎవర్ని తీసుకోవాలన్న మాట వచ్చింది. నేను మొదటి బెంచీలోంచి బెగిమాయ్‌ని లేపి నిలబెట్టాను. న్యూటన్ మూడు సూత్రాలూ ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తుంది. మధ్యలో ఆపితే మళ్లీ మొదటినుంచి చెప్పాలి, అదొక్కటే లోపం. చొల్పొన్ ఓపిగ్గా మూడూ విని, "చాలా బాగా చెప్పావు బంగారం," అని, వెనక్కి వెళ్లి నజీరా ముందు గొంతుక్కూర్చుంది.

"నువ్వు చేస్తావా?"

నజీరా నావైపు చూసింది. నేను చొల్పొన్‌ని పక్కకి లాగాను.

"అమ్మాయ్, ఆ పిల్లకి నోట్లో నాలుక లేదు. నీ సినిమా మునిగిపోతుంది."

"ఆ పిల్లకి మాటల్లేవు అగాయ్, మా సినిమాలో."

"మరి ఏం చేస్తుంది?"

"చూస్తుంది."

చూడ్డానికి నటి ఎందుకు? ఇందుకే మాస్కోలో గెంటేశారు నిన్ను అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. బ్యాడ్జి గుర్తొచ్చింది.

షూటింగ్ నా గదిలోనే జరిగింది, కానీ నన్ను రానివ్వలేదు. శబ్దం పట్టేవాడు చెవులకి డిప్పలు పెట్టుకుని వచ్చి, "అగాయ్, మీ బూట్లు కిర్రుమంటున్నాయి, కొంచెం అవతల ఉంటారా," అన్నాడు. నా గదిలోంచి నన్నే బయటికి పంపారన్నమాట. వసారాలో నిలబడి తొంగి చూసేవాణ్ణి. కెమెరా అతను కిటికీల బయట తెల్లదుప్పట్లు కట్టించి, వాటిని జానెడు జరిపి, మళ్లీ జానెడు వెనక్కి జరిపి, కొండమీద మబ్బు తప్పుకునేదాకా పొగతాగుతూ కూర్చునేవాడు. మబ్బు తప్పుకుంటే, "ఇంత ఎండ వద్దు," అని ఇంకో మబ్బు కోసం కూర్చునేవాడు. పిల్లలు కిక్కురుమనకుండా ఎదురుచూసేవాళ్లు. నేను గంట కొట్టి లోపల పెట్టినా ఒక్క క్షణం కుదురుగా ఉండని ఆ వెధవలు, కొండమీద ఎక్కడో మబ్బు కదలాలని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నాకు ఒళ్లు మండింది. వెలుతురు గురించి ఏడాదికి పన్నెండు పాఠాలు చెబుతాను, ఏనాడైనా కిటికీ వైపు అలా చూశారా?

సినిమావాళ్లు వెళ్లిపోయారు. చలికాలం పోయింది, వేసవి పోయింది. ఆకులు రాలే రోజుల్లో చొల్పొన్ ఫోన్ చేసింది. సినిమా పూర్తయిందట, ముందు మా ఊరివాళ్లకే చూపిస్తుందట. నేను గొర్రెని కోయించాను. జిల్లా విద్యాశాఖ అధికారిని స్వయంగా వెళ్లి పిలిచాను. ఆయన నజరాలియెవ్ అని, మెడ లేని మనిషి. "మీ గురించేనటగా సినిమా," అన్నాడు. "ఏదో, వాళ్ల అభిమానం," అని తల వంచుకున్నాను.

పాత క్లబ్బు హాలు కిక్కిరిసిపోయింది. మొదటి వరసలో నేనూ, మా ఆవిడా, అధికారీ. దీపాలు తీసేశారు.

ఏం చెప్పమంటారు. తెరమీద మా తరగతి గది. కానీ నేనెప్పుడూ చూడని గది. ఇనప పొయ్యి, దాని గొట్టం, గొట్టం చుట్టూ వణుకుతున్న వేడిగాలి. కిటికీ అద్దం మీద మంచుపువ్వులు, వాటిని వేలితో గీరి చేసిన చిన్న కన్నం, ఆ కన్నంలోంచి దూరంగా కొండవాలు మీద గొర్రెలమంద, మంద వెనక గుర్రం మీద ఒక మనిషి. ఆ మనిషి ఆ పిల్ల నాన్న అని ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. పొద్దు కదులుతోంది, బల్లమీద వెలుగుచార పాకుతూ పాకుతూ నజీరా చేతిమీదికి ఎక్కింది. ఆ పిల్ల చెయ్యి తియ్యలేదు. వెలుగు వేళ్ల మధ్యనుంచి జారిపోయేదాకా అలాగే చూసింది. దుప్పట్లు జానెడు ముందుకీ వెనక్కీ జరిపింది ఇందుకా అనుకున్నాను. నిజం చెబుతున్నాను, అంత అందమైన పని మనుషులు చెయ్యగలరని నాకు తెలీదు.

మధ్యమధ్యలో మాత్రం ఒక గొంతు చెవిలో జోరీగలా గోల పెడుతోంది. దూరంగా, అగ్గిపెట్టంత నల్లబల్ల ముందు, వీపు మాత్రమే కనిపించే ఒక మనిషి. ఏదో చెబుతాడు, రాస్తాడు, తుడుస్తాడు. కెమెరా కిటికీలోంచి గొర్రెలకాపరిని చూస్తుంటే ఈ మనిషి అడ్డం పడతాడు. నాకు విసుగొచ్చింది. బూరుల్ చెవిలో, "ఈ దరిద్రుడు నోరు మూసుకుంటే బాగుండును," అన్నాను.

మా ఆవిడ తల తిప్పి నావైపు జాలిగా చూసింది. పెళ్లైనప్పట్నుంచీ ఆ చూపు నేను చూడలేదు.

అప్పుడు తెరమీద ఆ వీపు చేతులు దులుపుకుంది. "అర్థమైందా?" అంది.

"అయింది!" అని హాలంతా ఒక్క గొంతుతో అరిచింది. "ముందుకెళ్దాం!"

నవ్వులు. ఎలాంటి నవ్వులనుకున్నారు! ట్రాక్టరు నడిపేవాడు, పోస్టాఫీసు ఆవిడ, ఊరి పెద్ద, మసీదు ఇమాం, అందరూ నా దగ్గర చదివినవాళ్లే, ఒకరినొకరు పొడుచుకుని నవ్వుతున్నారు. "అచ్చు మన అగాయ్‌రా!" "ఆ భుజం చూడు!" "నేనూ అక్కడే కూర్చునేవాణ్ణి!" కోపంతో కాదు, ఎగతాళితో కూడా కాదు, మనసారా నవ్వుతున్నారు. అదే నాకు ఎక్కువ మంట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నా బ్యాడ్జి గంగలో కలిసిందనుకున్నాను.

దీపాలు వెలిగాక నజరాలియెవ్ గారు లేచి నిలబడ్డారు. ఆయన ఒక్కడే నవ్వలేదు. హాలు సద్దుమణిగింది.

"దీనిలో నవ్వాల్సింది నాకేం కనబడలేదు," అన్నారు గంభీరంగా. "పాఠం మొత్తం మీద ఒక్క పిల్ల కదిలిందా? ఒక్కరు నోరెత్తారా? నా జిల్లాలో ఇలాంటి క్లాసు ఇంకొకటి లేదు! సపర్‌బెక్ అగాయ్, వచ్చే సోమవారం మీ బడికొచ్చి ఉత్తమ ఉపాధ్యాయుడి బ్యాడ్జి నేనే గుచ్చుతాను. ఆ పిల్లని మీ పక్కన నిలబెట్టండి, పత్రికవాళ్లని తీసుకొస్తాను."

చప్పట్లు మోగాయి. చచ్చినవాడికి పన్నీరు చల్లినట్టు నేను నిలబడి ఉన్నాను.

సినిమాతోపాటే వచ్చిన మర్లెన్‌ని విందులో మూలకి తీసుకెళ్లాను. "నా పరుపు మీద కూర్చుని, నా ఇంటి మాంసం తిని, నన్నే ఊరి ముందు నవ్వులపాలు చేస్తావా?"

అతను బిక్కచచ్చిపోయాడు. "అగాయ్, నేను ఒక్క ముక్క కలపలేదు. చొల్పొన్ అడిగింది, మాస్టారు కోప్పడతాడా అని. లేదన్నాను. కొడతాడా అంది. లేదు, మంచాయన అన్నాను. మరి ఏం చేస్తాడు అంది. మీరు ఏం చేస్తారో అదే చేసి చూపించాను. ఎక్కడ తప్పు చేశానో చెప్పండి, సరిదిద్దుకుంటాను."

తప్పు ఎక్కడా లేదు. అదే కదా ఏడుపు.

ఇంటికొచ్చాక బూరుల్‌ని అడిగాను, "అది నేనేనా?" అని.

"మీరు సుద్ద కుడిచేత్తో పట్టుకుంటారు. ఆ అబ్బాయి ఎడమచేత్తో పట్టుకున్నాడు," అంది. దయగల మనిషి, తేడా వెతికి మరీ చెప్పింది.

సరే, నవ్వినవాళ్లు నవ్వారు, బ్యాడ్జి మాత్రం వస్తోంది కదా అని మనసు గట్టి చేసుకున్నాను. ఇంకో చిక్కు వచ్చిపడింది. నజీరా బడికి రావడం మానేసింది. వసంతంలో చొల్పొన్ ఇంకో సినిమా తీస్తుందట, నజీరానే కావాలందట. అప్పటిదాకా ఇంట్లో గొర్రెల పని చూసుకుంటుందిలే, బడెందుకు అన్నాడట తండ్రి. ఆ పిల్ల లేకుండా పత్రికలో ఫొటో లేదు. ఫొటో లేకుండా నజరాలియెవ్ గడప దాటి రాడు. ఆదివారం నాడు కోటు వేసుకుని ఎసెన్ ఇంటికి బయల్దేరాను.

ఎసెన్ మర్యాదస్తుడు. లోపలికి తీసుకెళ్లాడు, నజీరా పాలు కలిపిన టీ పోసింది. నేను గొంతు సవరించుకుని చదువు గొప్పతనం ఎత్తుకున్నాను. ముప్పై ఏళ్లుగా సెప్టెంబరు ఒకటో తారీఖున చెప్పే ఉపన్యాసమే, నోటికి వచ్చు. చదువు దీపం, చదువు సంపద, చదువు రేపటికి దారి. ఎసెన్ అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.

"అగాయ్, మీరు నాకూ చెప్పారు, మా తమ్ముడికీ చెప్పారు. మీ మాట మీద గౌరవం ఉంది," అన్నాడు. "ఒక్కటి అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. అయిదో తరగతి నుంచీ ఇది మీ దగ్గరే ఉంది. మీ దగ్గర ఇది నేర్చుకున్నది ఒక్కటి చెప్పండి. పది అక్కర్లేదు, ఒక్కటి. రేపే పంపిస్తాను."

నోరు తెరిచాను. న్యూటన్ అందామనుకున్నాను, ఆ పిల్లని ఒక్కసారైనా న్యూటన్ గురించి అడిగిన గుర్తు లేదు. లెక్కలు అందామనుకున్నాను. అయిదుకి మూడు వేశానే, ఏం చూసి వేశాను? రెండు వేస్తే పై అధికారులకి సంజాయిషీ చెప్పుకోవాలి, నాలుగు వేస్తే ఎందుకు వేశావంటారు. మూడు వేస్తే ఎవరూ ఏమీ అడగరు. చివరికి జవాబు తెలియని మాస్టార్లందరూ చేసే పనే చేశాను.

"నువ్వే చెప్పమ్మా నజీరా," అన్నాను.

ఆ పిల్ల దెప్పుతుందనుకున్నాను. దెప్పితే బాగుండేది, దెప్పిపొడుపుకి నా దగ్గర ఎప్పుడూ జవాబు ఉంటుంది. నజీరా కేటిల్ కింద పెట్టి, కొంచెం ఆలోచించి, తండ్రి వైపు తిరిగింది. నేను ఆ గొంతు అంతసేపు వినడం అదే మొదటిసారి.

"అగాయ్ నాకు కదలకుండా కూర్చోవడం నేర్పారు నాన్నా. అది చాలా కష్టమట. మర్లెన్ అన్న అయిదేళ్లు చదివినా రాలేదట, కెమెరా పెట్టగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదట. నేను మొదటిరోజే కూర్చున్నాను. చొల్పొన్ అక్క వచ్చి, నన్నెవరూ చూడట్లేదు అన్నట్టు ఎలా ఉండగలుగుతున్నావు, ఎవరు నేర్పారు అంది. మా అగాయ్ అని చెప్పాను." నావైపు తిరిగి, చెయ్యి గుండెమీద పెట్టుకుని, తల వంచి కృతజ్ఞత చెప్పింది. "రహ్మత్ అగాయ్. మీ క్లాసులో కూర్చోకపోతే నాకిది వచ్చేది కాదు."

ఆ కళ్లలో వెటకారం కోసం వెతికాను. రవ్వంత కూడా లేదు.

ఎసెన్ మొహం విప్పారింది. "ఇంకేం మరి! నేర్చుకుందిగా! నాకు తెలీక అన్నాను, మనసులో పెట్టుకోకండి. రేపు పొద్దున్నే పంపిస్తాను," అని నా రెండు చేతులూ పట్టుకుని ఊపాడు.

అన్నమాట నిలబెట్టుకున్నాడు. సోమవారం నజీరా తల దువ్వుకుని, తెల్ల చొక్కా వేసుకుని వచ్చింది. నజరాలియెవ్ గారు నా కోటుకి బ్యాడ్జి గుచ్చారు. ఫొటోలు తీశారు. పత్రికమనిషి కలం తెరిచి, "ఇంత మంచి విద్యార్థినిని తయారుచేశారు కదా, ఏం నేర్పారో పిల్లలందరి ముందూ రెండు ముక్కలు చెప్పండి అగాయ్," అన్నాడు. నల్లబల్ల ముందు నిలబడ్డాను. చేతులు దులుపుకోబోయి ఆపుకున్నాను. ఒక్క మాట రాలేదు. నేను నోరు తెరవకపోవడం ఆ గదిలో అదే మొదటిసారి, క్లాసు క్లాసంతా కళ్లార్పకుండా నన్నే చూస్తోంది.